గుజిరీ అంగట్లో పనికొచ్చే ఇనుము ఏరుకోవడం ఎలా?

పాత సామాన్ల అంగట్లో ప్రతి వస్తువుకూ రెండు ధరలుంటాయి. ఒకటి బరువు ధర, ఇంకొకటి పని ధర. గుజిరీ ఆయన ఇళ్లలో, షెడ్లలో, మూతబడిన మిల్లుల్లో కిలోల లెక్కన కొనుక్కొస్తాడు. మీరు పని కోసం కొంటారు. తుక్కు కుప్పలో ఉలి అంటే ఒక పిడికెడు ఇనుము. అదే ఉలికి సాన పట్టించి పిడి వేస్తే, కొత్తగా కొన్న చాలా ఉలుల కంటే మెరుగ్గా తెగుతుంది. ఆదివారం పొద్దున కర్నూలు పాతబస్తీలోనో, అనంతపురం పాతూళ్లోనో, కడప సందుల్లోనో తిరిగేవాళ్ల బేరమంతా ఈ రెండు ధరల నడుమనే నడుస్తుంది. ఆ నడిమి జాగాలో మీరు నష్టపోకుండా ఎట్లా నిలబడాలో వరసగా చెప్తాను.

మొదట: ఏ సామాను ఏ ఊళ్లో తేలుతుందో తెలుసుకోండి

ఊరికే తిరిగితే సంచి నిండుతుంది గానీ ఇంటి అవసరం తీరదు. బయల్దేరేముందు మూడు నాలుగు వస్తువులు రాసుకోండి. తర్వాత, ఆ వస్తువు వాడే పని ఏ ఊళ్లో ఎక్కువుందో ఆలోచించండి. పాత సామాను దూరం పోదు. పని ఉన్నచోటనే తుక్కవుతుంది.

బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండల గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు. అక్కడి అంగళ్లలో సమ్మెటలు, రాతి ఉలులు, గడారులు, చైన్ పుల్లీలు చూడొచ్చు. ఆదోని పత్తి ఊరు. జిన్నింగ్ మిల్లు ఒకటి మూతబడిందంటే పెద్ద పానాలు, బేరింగ్ పుల్లర్లు, బెల్టు పుల్లీలు బయటికొస్తాయి. ప్రొద్దుటూరు బంగారం పనికి పేరు. సన్నపు ఆకురాళ్లు, చిన్న పట్టకార్లు, అరచేతిలో పట్టే దాగలి (లోహాన్ని పెట్టి కొట్టే దిమ్మె), పెట్టెలో మడిచిపెట్టే త్రాసు అక్కడ వెతకాల్సినవి. ధర్మవరంలో చేతి మగ్గాల నాడెలు, కొయ్య సామాను. పల్లెల్లో పాత సేద్యపు సామాను: గొర్రు, జడ్డిగం, గుంటక, కపిల బాన. ఇవి పనికి కాదు, ముచ్చటకు కొనేవాళ్లే ఎక్కువ. పాత మిద్దెలు కూల్చేచోట ద్వారబంధాలతో పాటు ఇత్తడి బందులు, గొళ్లేలు, పాతకాలపు తాళాలు దొరుకుతాయి. మిద్దె కూలుతోందని తెలిస్తే అంగడికి రాకముందే మేస్త్రీతో మాట్లాడుకోవడం మేలు.

గుంతకల్లు సంగతి వేరు, అది కిందికి చెప్తాను. అక్కడ చేతులు కాల్చుకునేవాళ్లు ఎక్కువ.

ఎప్పుడు పోవాలి

ఎండాకాలంలో మన దగ్గర తొమ్మిదింటికే ఇనుము చేతికి చుర్రుమంటుంది. కాబట్టి ఏడింటికల్లా అక్కడుండాలి. తొందరగా పోవడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. ముందురోజు వచ్చిన మూటలు పొద్దున విప్పుతారు. కుప్ప పోయకముందు మూట పక్కన నిలబడ్డవాడికే మంచివి దొరుకుతాయి.

శనివారం ఇనుము కొనకూడదని చాలామంది పట్టింపు. మీకూ ఆ పట్టింపు ఉంటే శనివారం సాయంత్రం పోయి చూసి, నచ్చినవి పక్కన పెట్టించి, ఆదివారం డబ్బులిచ్చి తెచ్చుకోండి. పట్టింపు లేకపోతే ఇంకా మంచిది, ఆ రోజు పోటీ తక్కువ. సంక్రాంతికి, ఉగాదికి ముందు ఇండ్లు దులిపి సున్నం కొట్టే రోజుల్లో అటకల మీది సామాను కిందికి దిగుతుంది. ఆయుధ పూజకు పనిముట్లు కడిగేటప్పుడు కూడా పాతవి కొన్ని పక్కకు పోతాయి. ఈ మూడు పండగల ముందు వారాలు వదలొద్దు. సంక్రాంతి నెలలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర లాంటి చోట్ల కొత్త కొడవళ్లు, గొడ్డళ్లు అమ్మే కమ్మరాయన పక్కన పాతవి కూడా ఉన్నాయేమో అడగండి.

సంచిలో ఏం పెట్టుకోవాలి

చిన్న అయస్కాంతం, టార్చిలైటు, ఆరంగుళాల స్టీలు స్కేలు, భూతద్దం, చిన్న ఆకురాయి, వైరు బ్రష్షు, ఒక పాత బేరింగ్ గోళీ. నాణేలు చూసేవాళ్లయితే గ్రాములో నూరో వంతు చూపే చిన్న కాటా. చేతికి తొడుగులు. తుప్పు ఇనుము గీరుకుంటుంది కాబట్టి టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి. ఫోన్‌పే అందరి దగ్గరా ఉంది కానీ బేరం తెగ్గొట్టేది చేతిలోని నోటే. యాభైలు, నూర్లు ఉంచుకోండి. ఐదు నూర్ల నోటు చూపించి నూటయాభైకి బేరమాడితే ఎవరికైనా నవ్వొస్తుంది.

ఇంటి నుంచి కదిలేముందు ఆ రోజు ఇనుము తుక్కు ధర, ఇత్తడి ధర, రాగి ధర కనుక్కోండి. అది మీ కింది గీత. అదే పనిముట్టు కొత్తది హార్డ్‌వేర్ అంగట్లో ఎంతో, దానిలో సగం మీ పై గీత. ఈ రెంటి మధ్యలో పడితే కొనండి. పై గీత దాటితే, వస్తువు ఎంత బాగున్నా, కొత్తది కొనుక్కోవడమే నయం. అరుదైన వస్తువులకు ఈ లెక్క పనికిరాదు గానీ, అరుదైనదని అంగడాయన చెప్పినవాటికి మాత్రం పనికొస్తుంది.

ఇక చేతిలోకి తీసుకుని చూడటం

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. తొందర పడొద్దు.

తుప్పులో రెండు రకాలు. పైపైన ఎర్రగా పొడిలా రాలేది భయపడాల్సింది కాదు, రుద్దితే పోతుంది. లోపలికి గుంటలు తిన్న తుప్పు మాత్రం పోదు. ఉలికీ, చిత్రిక (కొయ్యను నునుపు చేసే పనిముట్టు) బ్లేడుకూ పదును అంచు దగ్గర, అందులోనూ చదునుగా ఉండే వెనక వైపు గుంటలుంటే వదిలేయండి. అక్కడ గుంట ఉంటే అంచు ఎప్పటికీ నిండుగా రాదు. అంచు నుంచి దూరంగా, పిడి వైపు గుంటలున్నా పని చెడదు.

ఉక్కో ఉత్త ఇనుమో తెలుసుకోవడానికి ఆకురాయితో కనపడనిచోట చిన్నగా గీయండి. జారిపోతే గట్టి ఉక్కు, కొరికితే మెత్తనిది. అంచు దగ్గర నీలం రంగు చార కనబడితే ఎవరో గ్రైండర్ మీద మాడ్చారని అర్థం. అక్కడ ఉక్కు గట్టిదనం పోయింది. ఆ నీలం పోయేదాకా అరగదీస్తే మళ్లీ పనికొస్తుంది, బ్లేడు పొడుగు మిగిలుంటే.

చిత్రికను తిరగేసి స్టీలు స్కేలు అంచు మీద నిలబెట్టి వెలుతురుకు పట్టండి. సన్నటి వెలుగు అక్కడక్కడ వస్తే సరిచేసుకోవచ్చు. బ్లేడు బయటికొచ్చే నోటి దగ్గర పగులుంటే మాత్రం ఆశ వదులుకోండి. పోత ఇనుము అతికినా నిలవదు. స్టాన్లీ, రికార్డ్ పేర్లున్న పాత ఇనుప చిత్రికలు అప్పుడప్పుడు తేలుతాయి. పేరు చూసి మురిసిపోకుండా లోపలి భాగాలు అన్నీ ఉన్నాయా చూడండి. బ్లేడు మీద బిగించే మూత, పక్కకు కదిపే మీట, లోతు మార్చే ఇత్తడి చక్రం: వీటిలో ఒక్కటి లేకపోయినా విడిగా దొరకడం కష్టం.

రంపాన్ని కంటి దగ్గర పెట్టుకుని పొడవునా చూడండి. మెల్లగా వంగి ఉంటే సరే. ఒక చోట మడత పడి ఉంటే వద్దు. పళ్లు అరిగినందుకు దిగులు వద్దు, వాటిని పదును పెట్టొచ్చు.

దాగలికి, పెద్ద సుత్తికి బేరింగ్ గోళీ ఉంది కదా, దాన్ని జానెడెత్తు నుంచి వదలండి. మంచి ఉక్కు ముఖం మీద ముప్పాతిక ఎత్తు దాకా ఎగురుతుంది. పోత ఇనుమైతే దబ్బుమని పడి అక్కడే ఉంటుంది. రైలు పట్టాల ముక్కను కోసి దాగలి అని అమ్మేది మన దగ్గర మామూలు. దాని మాట కూడా గుంతకల్లు దగ్గర చెప్తాను.

బెంచ్ వైస్‌ను పూర్తిగా విప్పి, పూర్తిగా మూయండి. స్క్రూ చివరి దాకా ఒకే తీరుగా తిరగాలి. పావు చుట్టు వదులు పర్వాలేదు, అరచుట్టు పైన వదులుంటే లోపలి నట్టు అరిగింది. దవడ పలకలు లేకపోయినా సమస్య లేదు, లేత్ పని చేసే ఎవరైనా చేసిస్తారు. ఒంటి మీద ఎక్కడైనా వెల్డింగ్ మచ్చ కనబడితే కాటా మీద తూచి ఇస్తేనే తీసుకోండి.

పానాల దగ్గర చాలామంది తికమక పడతారు. మిల్లుల నుంచి వచ్చిన పాత పానాల మీద 1/2 W, 3/8 W అని ఉంటుంది. అవి విట్‌వర్త్ కొలతలు. మన మిల్లీమీటరు పానా మీది అంకె నోటి వెడల్పు. విట్‌వర్త్ పానా మీది అంకె మాత్రం బోల్టు మందం, నోటి వెడల్పు కాదు. కొత్త బైకుకు, కొత్త మోటారుకు అవి సరిపోవు. మీకు పని లేదని వదిలేయకండి గానీ, పాత బుల్లెట్ బండి ఉన్నవాడికి అవి బంగారం. పాత బుల్లెట్ నట్లకు అవే కావాలి. ఇంక ఏ పానా అయినా నోరు తెరుచుకుందా, రింగు లోపలి మూలలు గుండ్రబడ్డాయా చూడండి. కొలిమిలో కొట్టి చేసినదానికి అంచులు స్ఫుటంగా ఉంటాయి. అచ్చులో పోసినదానికి చుట్టూ గరుకు గీత మిగులుతుంది. పోత పానా బిగించేటప్పుడు విరిగి చేతి వేళ్లకు తగులుతుంది.

ఆకురాళ్ల కుప్ప కనబడితే కిలో లెక్కన అడగండి. అరిగినవైనా సరే. ఆకురాయిలో కర్బనం ఎక్కువున్న ఉక్కు ఉంటుంది. మీ ఊరి కమ్మరాయనకు ఇస్తే మంచి చాకులు, రాతి గీతకాలు చేసిస్తాడు. సుత్తి తల అంచులు పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే వాడేముందు ఆ విచ్చిన అంచు తీయించాలి. దెబ్బకు ముక్క ఎగిరితే కంటికే.

కరెంటు పనిముట్లు

వీటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు, అయినా అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి చెప్తున్నాను. పక్కన టీ అంగట్లో ప్లగ్గు అడిగి తిప్పి చూడకుండా కొనొద్దు. తిరిగేటప్పుడు గాలి బయటికొచ్చే రంధ్రాల్లోంచి లోపలికి చూడండి. సన్నటి నీలం నిప్పురవ్వలు మామూలే. చుట్టూ ఉంగరంలా పెద్దగా మంట తిరిగితే ఆర్మేచర్ (మోటారు లోపల తిరిగే తీగచుట్ట) పని అయిపోయింది. కార్బన్ బ్రష్షు అరిగితే యాభై నూరుతో పోతుంది. ఆర్మేచర్ కాలితే కొత్తది కొన్నంత అవుతుంది. కాలిన వార్నిష్ వాసన ఎంత తుడిచినా పోదు, కాబట్టి ముక్కును నమ్ముకోండి. బ్రాండ్ పేరులో ఒక అక్షరం అటూ ఇటూ అయ్యిందేమో భూతద్దంతో చదవండి.

బోరు మోటార్లు, స్టార్టర్లు, కేబుల్ చుట్టలు మాత్రం ఎంత చౌకగా వచ్చినా ముట్టొద్దు. సీమలో రైతు పొలం నుంచి రాత్రికి రాత్రి మాయమయ్యేవి ఇవే. ట్రాన్స్‌ఫార్మర్ రాగి తీగ కూడా అంతే. బిల్లు లేని రాగి చుట్ట అంటే ఎవరో ఒకరి ఎండిన పంట.

ముచ్చటకు కొనేవి

ఇక్కడ పని ధర ఉండదు, మోజు ధర ఉంటుంది. అందుకే మోసం కూడా ఇక్కడే ఎక్కువ.

హెచ్‌ఎంటీ గడియారాలు అందరూ అడుగుతున్నారు. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో 1961లో హెచ్‌ఎంటీ గడియారాల తయారీ మొదలైంది. 2016లో ఆ గడియారాల కంపెనీని మూసేయాలని కేంద్రం తీర్మానించాక పాతవాటికి గిరాకీ పెరిగింది. గిరాకీ పెరిగాక డయల్ మళ్లీ అచ్చేసి అమ్మడం కూడా మొదలైంది. జనతా, పైలట్ అని పేరుండి డయల్ మిఠాయి రంగుల్లో మెరిసిపోతుంటే అనుమానపడండి. అక్షరాలు వంకరగా, మసకగా ఉంటే, గంట గుర్తులకూ అచ్చైన గీతలకూ పొంతన లేకపోతే అది మళ్లీ వేసిన డయల్. కీ తిప్పినప్పుడు ముల్లు వెంటనే కదలాలి. చెవి దగ్గర టిక్కు టిక్కు సమంగా రావాలి. కుంటుతూ వస్తే శుభ్రం చేయించాల్సిందే, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

నాణేల సంగతికి వస్తే, బ్రిటిష్ కాలపు వెండి రూపాయి 11.66 గ్రాములు. 1939 దాకా అందులో సుమారు 92 శాతం వెండి. 1940 నుంచి 1945 దాకా సగమే వెండి. 1947 రూపాయి వెండి కాదు, నికెల్. దాన్ని అయస్కాంతం లాగుతుంది. వెండిని లాగదు. ముందు తూకం, తర్వాత అయస్కాంతం, ఆ తర్వాతే బేరం. అరిగిన నాణెం కొంచెం తక్కువ తూగుతుంది గానీ ఒక గ్రాము తేడా వస్తే పక్కన పెట్టేయండి.

రాములవారి పట్టాభిషేకం ఒకవైపు, ఈస్ట్ ఇండియా కంపెనీ అని, 1818 అని ఇంకోవైపు ఉన్న రాగి బిళ్లలు సంతల్లో కుప్పలుగా ఉంటాయి. కంపెనీ అట్లాంటివి చెలామణికి ముద్రించలేదు. పూజలో పెట్టుకోవడానికి కొంటే మీ ఇష్టం, నాణెమని కొనొద్దు. మద్రాసు ప్రెసిడెన్సీకి కంపెనీ 1808లో కొట్టించిన పది, ఇరవై కాసుల రాగి నాణేలు మాత్రం నిజమైనవి. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి అప్పజెప్పాక మన ఊళ్లూ ఆ ప్రెసిడెన్సీ కిందికే వచ్చాయి. కాబట్టి అవి పాత ఇండ్ల ట్రంకు పెట్టెల్లో ఉండడం వింతేం కాదు. నయాపైసలు 1957 నుంచి 1964 దాకానివి. చాలావరకు చౌక. పిల్లలకు అలవాటు చేయడానికి మంచివి.

ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటు లక్షలకు పోతుందని వీడియోలు తిరుగుతుంటాయి. ఇట్లాంటి కొనుగోళ్ల పేరుతో ముందు ఫీజు కట్టమంటే నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకే 2021లో హెచ్చరించింది. బియ్యం గింజలను లాగే రాగి చెంబు, పాత రేడియోలో ఎర్ర పాదరసం: ఈ రెండు మోసపు మాటలు ఎవరి నోటినుంచి వచ్చినా టీ తాగి లేచి రండి.

ఇత్తడి సామానుకు అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే పైన పూత, లోపల ఇనుము. కంచుకు వేలితో మీటితే చాలాసేపు మోగుతుంది, ఇత్తడికి మోత తొందరగా ఆగుతుంది. మరచెంబుకు మర సరిగా బిగుస్తోందా, గంగాళానికి అడుగున అతుకు ఉందా చూడండి. ఇత్తడి గిన్నెలో వంట చేయాలనుకుంటే లోపల కళాయి వేయించాలి. కళాయి వేసేవాళ్లు తగ్గిపోయారు, ఆ మనిషి దొరికాకే గిన్నె కొనండి. పెట్రోమాక్స్ లైటుకు ట్యాంకు అడుగున టంకం చెమ్మ చూడండి. పంపు వాషర్ పోయినా పర్వాలేదు. వాల్వుల రేడియోను ఇంటికి తెచ్చి నేరుగా ప్లగ్గులో పెట్టొద్దు. అన్నేళ్లు ఆగి ఉన్న కెపాసిటర్ పేలొచ్చు. తెలిసిన మెకానిక్‌కు చూపించండి.

బేరం

మన దగ్గర బేరం మాటతో మొదలవుతుంది, అంకెతో కాదు. పొద్దున్నే పోతే "బోణీ అయ్యిందా అన్నా?" అని అడగండి. కాకపోతే మొదటి బేరం మరీ తెగ్గొట్టొద్దు, ఆ ఆదివారమంతా ఆయన మీకు ముఖం చాటేస్తాడు. వయసులో పెద్దవాళ్లను "పెద్దాయనా" అనండి. కర్నూలు, కడప అంగళ్లలో "భాయ్" అని పిలిస్తే ఏ మాటా దానంతటదే సాఫీగా నడుస్తుంది.

కావాల్సిన వస్తువును ఒంటరిగా చేతిలోకి తీసుకోవద్దు. నాలుగు తీసి, అందులో ఒకటి వదిలేసి, "ఈ మూడూ కలిపి కాటా వెయ్యన్నా" అనండి. కాటా వేస్తే మీరు గెలిచారు. "దానికి కాటా లేదు, అది వేరే" అంటే ఆయనకు ఆ వస్తువు తెలుసు. అప్పుడు పై గీత గుర్తు పెట్టుకుని మాట్లాడండి. ఆయన ముందే ఫోన్‌లో ధర వెతకొద్దు. తుడిచి మెరిపించి ఆనందపడొద్దు. మీ ముఖమే ధర పెంచుతుంది.

"కడాకు ఎంతకిస్తావు?" అని ఒకసారే అడగండి. రెండోసారి అడిగితే మొదటిసారి చెప్పింది కడాకు కాదన్నట్టు. నచ్చకపోతే నడవండి. పిలుస్తాడు, లేదా పిలవడు. పిలవకపోతే వచ్చే వారం ఆ వస్తువు అక్కడే ఉండే అవకాశం కూడా తక్కువేం కాదు.

ఒక్కచోట మాత్రం బేరమాడొద్దని నా అభిప్రాయం. వడ్లాయన పోయాక ఆ ఇంటివాళ్లు పనిముట్ల పెట్టె అమ్ముతుంటే వాళ్లకు దాని ధర తెలియదు, గుజిరీ ఆయన కిలో లెక్కన ఇస్తానని ఉంటాడు. మీకు దాని పని ధర తెలుసు కాబట్టి ఆ ధరే చెప్పండి. ఊళ్లో మాట పాకుతుంది. తర్వాతి పెట్టె అమ్మకానికి వచ్చినప్పుడు మిమ్మల్నే పిలుస్తారు. మంచితనమనుకున్నా, లెక్కనుకున్నా ఫలితం ఒకటే.

చట్టం ఎక్కడ అడ్డం వస్తుంది

ఇప్పుడు గుంతకల్లు. మీటర్ గేజ్ కాలం నుంచి అది పెద్ద జంక్షన్. అందుకే ఆ చుట్టుపక్కల రైల్వే ఇత్తడి తాళాలు, సిగ్నల్ లాంతర్లు, ముద్ర ఉన్న పానాలు, పట్టాల ముక్కలు కనబడతాయి. 1966 రైల్వే ఆస్తి చట్టం ప్రకారం దొంగిలించిందని అనుమానించదగ్గ రైల్వే సొత్తు మీ దగ్గరుంటే, అది మీకు సక్రమంగానే వచ్చిందని మీరే చూపించుకోవాలి. శిక్ష ఐదేళ్ల జైలు దాకా ఉంటుంది. ఎం అండ్ ఎస్ఎం అని ముద్ర ఉన్న లాంతరు 1951కి ముందుది. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే ఆ ఏడాది దక్షిణ రైల్వేలో కలిసిపోయింది. మోజు పడటం తప్పు కాదు. రైల్వే వేలంలో కొన్న కాగితం అంగడాయన చూపిస్తేనే తీసుకోండి, లేదంటే చూసి ఫొటో తీసుకుని వచ్చేయండి. దాగలి పేరుతో అమ్మే పట్టా ముక్కకూ ఇదే మాట.

దొంగ సొత్తని తెలిసి, లేదా తెలిసే కారణం ఉండి కొంటే భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద కేసవుతుంది. నంబర్ ప్లేటు గీకేసిన మిషను, సగం ధరకు వచ్చిన కొత్త పెట్టె అనుమానానికి చాలు. తెలియని చోట బిల్లు రాయించుకోండి. చీటీ మీద తేదీ, అంగడి పేరు, సంతకం ఉన్నా కొంత నయం.

నూరేళ్లు దాటిన విగ్రహాలు, రాతి చెక్కడాలు, లోహ శిల్పాలు పురావస్తువుల కిందికొస్తాయి. రాతప్రతులకు, తాళపత్రాలకు 75 ఏళ్లే. 1972 చట్టం ప్రకారం వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, కొన్ని రకాలకు రిజిస్ట్రేషన్ కావాలి. ఊరి బయటి వీరగల్లు (వీరుల గుర్తుగా నిలిపిన రాయి), గుడి నుంచి కదిలిన విగ్రహం ఎవరైనా చూపిస్తే అసలు మాటే పెట్టుకోవద్దు. దుప్పి కొమ్ములు, పులిగోరు, ఏనుగు దంతం వన్యప్రాణి చట్టం కిందికి. కడప వైపు ఎర్రచందనం ముక్క, బొమ్మ అని చూపిస్తారు, అటవీశాఖ కాగితం లేకుండా అది ఇంటికి రాకూడదు. పొలంలో దున్నుతుంటే నాణేల కుండ దొరికిందని తెచ్చి అమ్మజూపినా అంతే. పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టం ఇంకా అమల్లో ఉంది.

ఇంటికి తెచ్చాక

నాణేలను కడగొద్దు, తోమొద్దు. తోమిన నాణేనికి కొనేవాడు సగం కూడా ఇవ్వడు. ఇత్తడికి చింతపండు మన ఇంట్లో ఉన్నదే. తోమాక నీళ్లతో బాగా కడిగి ఆరబెట్టాలి, లేకపోతే పులుపు మిగిలి మళ్లీ చిలుము పడుతుంది.

ఇనుముకు ముందు కిరసనాయిలు లేదా డీజిల్‌లో ఒక రాత్రి నానబెట్టండి, బిగుసుకున్న స్క్రూలు వదులవుతాయి. పైతుప్పుకు వెనిగర్‌లో ఒక పగలు చాలు. తీశాక వంట సోడా నీళ్లలో ముంచి, కడిగి, ఎండలో పెట్టి వెంటనే నూనె రాయండి. మొండి తుప్పుకు కరెంటు పద్ధతి ఉంది. ప్లాస్టిక్ బకెట్‌లో లీటరు నీటికి ఒక చెంచా లెక్కన వాషింగ్ సోడా కలపండి. బ్యాటరీ చార్జర్ మైనస్ తీగ పనిముట్టుకు, ప్లస్ తీగ పాత ఇనుప ముక్కకు తగిలించి, రెండూ ఒకదానికొకటి తాకకుండా ముంచండి. ఆరుబయటే చేయండి, అందులోంచి వచ్చే గ్యాస్ మండే రకం. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టొద్దు, ఆ నీళ్లు విషమవుతాయి. పాత రంగు గీకేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పాత పెయింట్లలో సీసం ఉంటుంది.

ఉలి వెనక భాగం, చిత్రిక అడుగు చదును చేయడానికి వేల రూపాయలు పెట్టి రాళ్లు కొనక్కర్లేదు. బండల ఫ్యాక్టరీ దగ్గర పాలిష్ పట్టిన కడప బండ ముక్క అడిగి తెచ్చుకోండి. దాని మీద స్టీలు స్కేలు నిలబెట్టి వెలుగు రాకుండా ఉన్నదే ఎంచుకోండి. పైన వాటర్ పేపర్ పరిచి నీళ్లు చల్లి రుద్దడమే. 120తో మొదలుపెట్టి 400, 1000 దాకా పోండి. ఈ బండలను దూరం రాష్ట్రాలవాళ్లు డబ్బు పెట్టి తెప్పించుకుంటారు. మనకు ఫ్యాక్టరీ గోడ పక్కన పారేసి ఉంటాయి.

పిడికి, కామకు నల్లతుమ్మ మంచిది. ఎండిన కర్ర అడగండి. పచ్చిది వేస్తే మన ఎండకు నెలలో వదులవుతుంది. పిడి కాస్త వదులైతే నీళ్లలో నానబెట్టడం చాలామందికి అలవాటు. అది ఆ పూటకు బిగుస్తుంది, ఆరాక ముందుకంటే వదులవుతుంది. నీళ్లకు బదులు తల వైపు కర్ర చివరను అవిసె నూనెలో రెండు రోజులు ముంచి ఉంచండి. తర్వాత పైనుంచి ఇనుప చీలొకటి అడ్డంగా దిగ్గొట్టి, మిగిలిన నూనెతో కర్రంతా తుడిచి పెట్టేయండి.